సొంత ఊళ్లో అడగడానికి సిగ్గెందుకు?

(శ్రీకాకుళంలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు, డ్వాక్రా సంఘాల మహిళలు కలిసి కూర్చున్న ఒక సభలో, పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్ నడుపుతున్న ఒక మహిళ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్న బాబులకు వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. అయినా వినపడనివాళ్లకు ఈ మాట మాత్రం ఎలా వినపడుతుంది. సరే, మొదలుపెడతాను.

నన్ను పిలిచిన మాస్టారు ఫోన్‌లో "పిల్లలకు కాస్త మోటివేషన్ ఇవ్వాలమ్మా" అన్నారు. ఎన్ని కిలోలు కావాలి మాస్టారూ అని అడిగాను. ఆయన నవ్వేశారు. నవ్వులాటకే అన్నాను గానీ, మా అలవాటు అది. ఎవరేం అడిగినా ఎంత కావాలి, ఎప్పటికి కావాలి, డబ్బు ఎప్పుడిస్తారు అని అడుగుతాం. ఈ మోటివేషన్‌కి ఆ మూడూ ఉండవు. అయినా మీ ఫోన్లలో దానికేం కరువు? సింహం బొమ్మ, వెనక డప్పుల మ్యూజిక్, లేచి పరుగెత్తమని ఒక గొంతు. రాత్రి పదకొండింటికి చూస్తే ఒళ్లు ఉడుకుతుంది. మరి పొద్దున్న ఆరింటికి ఎంతమందికి ఉడుకుతోంది? చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. పోన్లెండి, నిజం ఒప్పుకున్నారు.

అందుకని నేను ధైర్యం గురించి మాట్లాడను. మన జిల్లావాళ్లకు ధైర్యం తక్కువని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఏ ఊరికైనా వెళ్లండి, సగం ఇళ్లలో ఒక మనిషి బయట ఉంటాడు. విశాఖ, హైదరాబాద్, చెన్నై, గల్ఫ్. భాష రాదు, తెలిసిన మొహం ఉండదు, బస్సెక్కి వెళ్లిపోతాడు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి మన గంగపుత్రులు ఎక్కడో గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్లి వేరేవాళ్ల బోట్ల మీద వేటాడతారు. 2018 చివర్లో పాకిస్తాన్‌వాళ్లకు పట్టుబడి, కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో ఇంటికి చేరినవాళ్లు మన జిల్లాలో, పక్క విజయనగరం జిల్లాలో ఉన్నారు. ఇంత చేసినవాళ్లకు ధైర్యం లేదంటామా?

మరి అడ్డం పడుతున్నదేంటి? మా చుట్టాలబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో క్యాంటీన్‌లో పనిచేశాడు. దోసె వేస్తే కాగితంలా వచ్చేది. ఇంటికొచ్చాక "ఒరే, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర టిఫిన్ బండి పెట్టుకోరా" అన్నాను. ఏమన్నాడో తెలుసా? "అక్కడ మా కాలేజీవాళ్లు తిరుగుతారు పిన్నీ" అన్నాడు. హైదరాబాద్‌లో వేలమంది ముందు వేసిన దోసె శ్రీకాకుళంలో వందమంది ముందు వెయ్యలేడు! చెయ్యి అదే, పెనం అదే. మారిందల్లా చూసే కళ్లు. తెలిసినవాళ్లు చూస్తారన్నదే వాడి బాధ.

నవ్వకండి. మీరంతా అదే బాపతు. మన ఊళ్లో ఎవడైనా సొంతంగా ఏదన్నా మొదలుపెడితే మొదటి ప్రశ్న ఏంటి? "ఏటి బాబూ, ఉద్యోగం రాలేదేటి?" అంతేనా కాదా? అదే మాట పెళ్లిలో అడుగుతారు, చావింట్లో అడుగుతారు, అరసవల్లి గుడి క్యూలో నిలబడినా అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి ఎన్ని షాపులు తెరవకుండానే మూతబడ్డాయో లెక్క తీసినవాళ్లు లేరు.

మొహమాటం అంటాం కదా, నేను ఇవాళ మాట్లాడేది ఆ ఒక్క దాని గురించే. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది, పూర్తిగా చెప్పను, పిల్లలున్నారు. పెద్దవాళ్లకు తెలుసు. ఆ నవ్వే అక్కకు బాగా తెలుసు.

షాపు తెరవడానికి పడే మొహమాటం చిన్నది. రిబ్బన్ కత్తిరించిన రోజుతో సగం పోతుంది. అసలుది ఆ తర్వాత వస్తుంది. ధర చెప్పాలి, మొహమాటం. బాకీ అడగాలి, మొహమాటం. బావమరిదిని పనిలోంచి తియ్యాలి, అబ్బో, అది చెప్పక్కర్లేదు. బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుని ఈ కాగితం నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అనాలి. డిగ్రీ చదివినవాళ్లకు ఇది మరీ కష్టం. అర్థమైనట్టు తలూపి సంతకం పెట్టి వచ్చేస్తారు.

డ్వాక్రా అక్కచెల్లెళ్లు ఉన్నారు కదా ఇక్కడ. వీళ్లను చూడండి బాబూ. పదిమంది కూర్చుంటారు, పుస్తకం తెరుస్తారు, "ఈ నెల నీ కిస్తీ రాలేదేమ్మా" అని మొహం మీదే అడుగుతారు. అడిగిందీ పక్కింటామే, అడిగించుకున్నదీ పక్కింటామే. మీటింగ్ అయ్యాక ఇద్దరూ కలిసే ఇంటికి వెళ్తారు. తగువు ఉండదు. ఎందుకుండదు? అక్కడ అడగడం రూలు. ఎవరి నోటి దురుసూ కాదు. ఎంబీఏలో ఇది చెప్తారో లేదో నాకు తెలియదు.

మన వైపు సభ అంటే జీఎంఆర్ పేరు రాకుండా పూర్తవదు. నేనూ చెప్తాను, కాకపోతే కొంచెం వేరేగా. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారు ఢిల్లీ విమానాశ్రయం నడుపుతున్నారు, హైదరాబాద్‌ది కట్టారు, మన పక్కనే భోగాపురం పని చేపట్టారు. అందరూ ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ఆపేస్తారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ చదివారు. 1978లో జూట్ మిల్లుతో వ్యాపారం ఎత్తుకున్నారు. జూట్ మిల్లంటే గోనె సంచుల పని బాబూ. దుమ్ము, పీచు, మోత. శంషాబాద్‌లో మొదటి విమానం దిగింది 2008లో. మధ్యలో ఎన్నేళ్లు? ముప్పై. ఆ ముప్పై ఏళ్లలో మొదటి పదేళ్ల గురించి ఎవరైనా మీకు వీడియో పంపారా? పంపరు. గోనె సంచికి మ్యూజిక్ పెడితే ఎవరు చూస్తారు! రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలోకి వెళ్లిపోయిందనుకోండి, 2022లో. అయినా మనం వదులుకోం, మనవాడే అంటాం.

ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది

ఇప్పుడు మా పనిలోకి వస్తాను. ఇక్కడ కాసేపు ఉంటాను, ఓపిక పట్టండి. లెక్కలున్నాయి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి. ఫోన్ చూడొద్దని ఎవరూ అనరు ఈ ఐదు నిమిషాలు.

ఉద్దానంలో, అంటే మా పలాస చుట్టుపక్కల తోటల ప్రాంతంలో, జీడి పిక్కలు బస్తా లెక్కన కొంటాం. బస్తా అంటే 80 కిలోలు. ఎండబెట్టి, ఆవిరి మీద ఉడికించి, కోసి, పప్పు తీసి, బోర్మా అనే ఆరబెట్టే పొయ్యిలో వేడి పెట్టి, పైపొర ఒలిచి, గ్రేడ్ చేస్తే చివరికి చేతికొచ్చేది ఎంత? ఊహించండి. 80కి యాభయ్యా? ఎవరో ముప్పై అన్నారు. 20 నుంచి 22 కిలోలు. పిక్క మంచిదైతే. మిగతాదంతా తొక్కా, తేమా. మన రైతు పిక్క వచ్చేది మార్చి నుంచి మే దాకా. ఏడాదంతా ఆడించాల్సిన సరుకు ఆ మూడు నెలల్లో కొని గోదాంలో పెట్టాలి. అంటే డబ్బు ముందు వెళ్లిపోతుంది, పప్పు తర్వాత వస్తుంది.

లెక్క తేలిగ్గా ఉండాలని నేను గుండు అంకెలు చెప్తాను, ఇవాళ్టి మార్కెట్ రేటని రాసుకోకండి. బస్తా 12,000 అనుకోండి. కూలీలు, కరెంటు, కట్టెలు, డబ్బాలు అన్నీ కలిపి 2,000. మొత్తం 14,000. పప్పు 21 కిలోలు వచ్చింది. గుండ్లు అంటే విరగని పప్పు, బద్దలు అంటే రెండుగా చీలినవి, ఆపైన ముక్కలు, అన్నీ కలిపి సగటున కిలో 700కి అమ్మామనుకోండి. 21 ఇంటూ 700? 14,700. లాభం 700 రూపాయలు. తొక్క నూనె మిల్లుకు అమ్మితే వచ్చే చిల్లర పక్కన పెట్టండి.

ఇప్పుడు కొనేవాడొచ్చాడు. తెలిసినవాడే, మీ నాన్నగారి స్నేహితుడు. "అమ్మా, కిలోకి 30 రూపాయలు తగ్గించు" అన్నాడు. 700లో 30 ఎంత? ఏముందిలే అనిపిస్తుంది. మనకు నోరు రాదు, తగ్గించేస్తాం. 21 కిలోల మీద 630 రూపాయలు. మన లాభం ఎంత? 700. మిగిలింది 70. పదిలో తొమ్మిది వంతులు పోయాయి. ఆయన ధరలో తగ్గించమన్నది వందకు నాలుగున్నర కూడా కాదు, మన కూడులో తగ్గింది తొంభై. ఇది కాగితం మీద చూసినవాళ్లకు మొహమాటం దానంతటదే తగ్గుతుంది. చూడనివాళ్లు మంచివాళ్లని పేరు తెచ్చుకుని షాపు మూసుకుంటారు.

అలాగని ధర గట్టిగా చెప్పడమంటే మొహం గంటు పెట్టుకుని చెప్పమని కాదు. చెప్పడానికి మన దగ్గర సరుకు గురించి మాట ఉండాలి. పొందూరు వెళ్లారా ఎవరన్నా? ఇక్కడి నుంచి ఎంత దూరం, గట్టిగా ఇరవై కిలోమీటర్లు. అయినా సగం మంది వెళ్లి ఉండరు. అక్కడ సన్నఖాదీ ఎలా తయారవుతుందో చూడండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. చేత్తో గింజ తీసి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వడుకుతారు. వడికేది చాలావరకు ఆడవాళ్లే, పెద్ద వయసువాళ్లే. గాంధీ గారు ఈ బట్ట చూసి, ఎలా చేస్తున్నారో కనుక్కోమని కొడుకు దేవదాస్ గాంధీని పంపించారు. ఇప్పుడు చెప్పండి, ఆ పంచె ధర వినగానే "అమ్మో" అనేవాళ్లకు, ఈ మాటలన్నీ విన్న తర్వాత "అమ్మో" అనే నోరుంటుందా? ఉంటుంది కొందరికి. వాళ్లు మన కొనుగోలుదార్లు కారు. వాళ్లకు దండం పెట్టి పంపించాలి.

మా పప్పుకీ అంతే. "పక్క షాపులో తక్కువకిస్తున్నాడు" అంటారు. ఏ గ్రేడ్ అని అడుగుతాను. తెలియదంటారు. 240 గ్రేడ్ అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు తూగాలి. 320 అంటే 300 నుంచి 320. అంకె పెరిగితే గింజ చిన్నది. రెండూ చేతిలో పోసి చూపిస్తాను. మాట మాట్లాడకుండా చూస్తారు. కొందరు చిన్నదే తీసుకుంటారు, పాయసంలోకి ఏదైనా ఒకటే కదా అని. మంచిదే! నాకు కావలసింది అదే, తెలిసి కొనడం.

ఒక మాట మధ్యలో. మనం అడగాల్సింది కొనేవాళ్లనే అనుకోకండి, పనివాళ్లనూ అడగాలి. పైపొర ఒలిచే ఆడవాళ్లకు పప్పు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది, బోర్మాలో వేడి ఎక్కువైందా తక్కువైందా అని. వేడి సరిగా లేకపోతే పొర రాదు, గోరు గట్టిగా పడుతుంది, గుండు బద్దవుతుంది. గుండుకీ బద్దకీ ధరలో తేడా ఉంది కదా. ఆ తేడా యజమాని జేబులోంచి పోతుంది. "ఎందుకమ్మా ఇవాళ బద్దలు ఎక్కువొచ్చాయి" అని కూర్చుని అడిగితే చెప్తారు. నిలబడి అరిస్తే ఏం చెప్తారు? తలొంచుకుని ఒలుస్తారు. పనివాళ్లను అడిగితే చిన్నతనమనుకునే యజమానులు మా ఊళ్లో తక్కువేం లేరు. పేర్లు చెప్పను, మళ్లీ అక్కడికే వెళ్లాలి నేను.

అరువు రేపు

కిరాణా కొట్లో బోర్డు చూశారు కదా, "అరువు రేపు" అని. ఆ బోర్డు కిందే అరువు ఖాతా పుస్తకం ఉంటుంది. మన వ్యాపారం మొత్తం ఆ రెండింటి మధ్యే ఉంది.

ఇందాకటి లెక్క మళ్లీ తియ్యండి. 14,000 పెట్టాం, 14,700కి అమ్మాం. ధర తగ్గించలేదు, గట్టిగా నిలబడ్డాం, శభాష్. కానీ కొన్నాయన మూడు నెలలకిస్తానన్నాడు. మన 14,000 ఎక్కడిది? బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకు 280. మూడు నెలలకు 840. లాభం 700. ఏమైంది? ధర బాగానే వచ్చింది, బేరం బాగానే తెగింది, 140 రూపాయలు చేతి నుంచి పడింది. వంద బస్తాలు ఇలా అమ్మితే 14,000 నష్టం. బిజినెస్ బాగా సాగుతోందని ఊరంతా అనుకుంటుంది, లారీలు కనిపిస్తాయి కదా. ఇంట్లో గాజులు బ్యాంకుకు వెళ్తుంటాయి.

అందుకే నేను చెప్పేది, బాకీ అడగడం మర్యాద తప్పడం కాదు. ఆయన దగ్గర ఉన్నది మీ డబ్బు కూడా కాదు, మీకు అప్పిచ్చినవాడి డబ్బు. మీరు మొహమాటపడితే ఆ మొహమాటానికి వడ్డీ మీరు కడుతున్నారు. ఎలా అడగాలంటారా? అడగాల్సిన రోజు సరుకు ఇచ్చే రోజే. తర్వాత అడిగితే తగువు, ముందు అడిగితే మాట. బిల్లు మీద తేదీ రాయండి. "మావయ్యా, పదిహేనో తారీఖుకి రాసుకున్నాను" అని ఆ పూటే అనండి. మావయ్య మొహం మారుతుందా? మారనివ్వండి. పదిహేనో తారీఖున మీ మొహం మారే కంటే ఇవాళ ఆయన మొహం మారడం మేలు.

చుట్టాల సంగతి వేరే చెప్పాలి. మన ఊళ్లల్లో చుట్టం కానివాళ్లెవరు? అందరూ మావలూ అల్లుళ్లే. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లికీ వ్రతానికీ చుట్టాలకు పప్పు ఇవ్వాలనుకుంటే, మా ఇంటి ఖర్చులోంచి డబ్బు తీసి యూనిట్‌కి కట్టి, బిల్లు రాయించి, అప్పుడు ఇస్తాం. మా ఆయనకు మొదట్లో నచ్చలేదు, "మన పప్పు మనమే కొనుక్కోవడమేటే" అన్నారు. ఇప్పుడు ఆయనే రాయిస్తారు. ఇచ్చింది ఎంతో తెలుస్తుంది కదా. తెలియకుండా ఇస్తేనే ప్రమాదం.

చట్టం కూడా కొంత మన వైపే ఉంది, చాలామందికి తెలియదు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న పరిశ్రమల చట్టం అని ఉంది. మీరు ఉద్యమ్‌లో, అంటే చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్‌లో, రిజిస్టర్ చేసుకున్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్ అయితే, మీ దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతకోతలున్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఏ రాతా లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంకోటి, 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో రూలొచ్చింది. మనకు గడువులోపు కట్టకపోతే ఆ కొనుగోలును కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి లేదు, ఎప్పుడు కడితే అప్పుడే. దాంతో పెద్ద కంపెనీల అకౌంటెంట్లే మార్చిలో ఫోన్ చేసి "మీకు ఉద్యమ్ ఉందా అండీ" అని అడుగుతున్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఒక్క పైసా ఫీజు లేదు. ఎవరన్నా రెండు వేలు అడిగితే... సరే, అది మీకే తెలుసు. కొని అమ్మే షాపులకు మాత్రం ఈ 45 రోజుల రక్షణ లేదు, తయారు చేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకే.

కేసు వెయ్యమని చెప్పట్లేదు. రోజూ మొహాలు చూసుకునేవాళ్ల మీద కేసు ఎవరేస్తారు? రూలుందని తెలిస్తే అడిగే గొంతు మారుతుంది. డ్వాక్రా మీటింగ్ గురించి చెప్పాను కదా, అదే.

ఇంకో సంగతి చెప్పకపోతే నేను చెప్పినవన్నీ అబద్ధమవుతాయి. లెక్క సరిగా ఉండి, మొహమాటం లేకుండా ఉండి, అన్నీ బాగుండి కూడా దెబ్బ తగలొచ్చు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? ఆ అమ్మాయి ఉంది. ఏ ఊరు తల్లీ? మందసా. నీకు అప్పుడు ఎన్నేళ్లుంటాయి, చిన్నదానివి. తాతల నాటి జీడి చెట్లు, కొబ్బరి, పనస, ఒక్క పూటలో నేలమట్టం. జీడి అంటు మొక్క నాటితే మూడో ఏడు కాపు మొదలవుతుంది, గట్టి కాపు రావాలంటే ఏడెనిమిదేళ్లు. ఆ రోజు ఏ మోటివేషన్ వీడియో పనికొస్తుంది చెప్పండి? పాజిటివ్‌గా ఆలోచించమని రైతుకు చెప్తే కర్ర తీస్తాడు, తియ్యాలి కూడా.

నేను చూసింది ఒకటి చెప్తాను. అప్పుడు కొందరు యూనిట్లవాళ్లు వారం తిరక్కుండానే బ్యాంకుకు వెళ్లారు. "రేకులు ఎగిరిపోయాయి, సరుకు తడిసింది, కిస్తీ ఈ ఆరు నెలలు కట్టలేను, ఏం చెయ్యమంటారు" అని అడిగారు. కొందరు పరువు పోతుందని మూడు నెలలు మొహం చాటేసి, నోటీసు వచ్చాక వెళ్లారు. కష్టం అందరిదీ ఒకటే. ముందు వెళ్లినవాళ్లతో మేనేజర్ కూర్చుని మాట్లాడాడు, వెనక వెళ్లినవాళ్లకు కాగితాలు ఇచ్చాడు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు వేరే, వాళ్ల సంగతి కొంత నయం. లేనివాళ్లు మన యూనిట్లలో ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడున్న ఎవరైనా గోదాంలో సరుకు పెట్టే వ్యాపారం చేస్తే, దయచేసి, ముందు ఇన్సూరెన్స్, ఆ తర్వాతే బోర్డు. సముద్రం పక్కన బతుకుతున్నాం మనం.

సబ్సిడీ గురించి చెప్పకపోతే మీరు నన్ను కదలనివ్వరు. త్వరగా చెప్తాను, ఎందుకంటే సబ్సిడీ కోసం పెట్టిన వ్యాపారాలు నాకు నచ్చవు. పీఎంఈజీపీ అని కేంద్రం ఉపాధి పథకం ఉంది, అందులో తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సర్వీసుకి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. గ్రామాల్లో అయితే జనరల్ మగవాళ్లకు 25 శాతం, మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 35 శాతం సబ్సిడీ. సొంత డబ్బు పదో వంతు, మహిళలకూ ఈ వర్గాలకూ అయితే ఇరవయ్యో వంతు. మనవాళ్లు పొరబడేది ఎక్కడంటే, ఆ 35 శాతం చేతికొస్తుందనుకుంటారు. రాదు. బ్యాంకులో మూడేళ్లు మీ పేరున పక్కన ఉంటుంది. యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే లోన్‌లో జమ చేస్తారు. అంటే నడిపినవాళ్లకే. ఈ లెక్కలు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టేముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి మీరే వెళ్లి అడగండి. దళారీ కంటే అక్కడి క్లర్కు నయం. అక్కడ కూర్చున్నది మనకు చెప్పడానికే కదా.

సభలో అడిగిన కొన్ని ప్రశ్నలు

(ఏ బిజినెస్ పెడితే బాగుంటుందని ఒక విద్యార్థి అడిగాడు.)

నాకు తెలియదు బాబూ. నిజంగా. తెలిస్తే నేనే పెట్టేదాన్ని, నీకెందుకు చెప్తాను! కానీ ఒక పని చెయ్యి. ఏదో ఒకటి తయారు చేసే ముందు ఇంకొకరు తయారు చేసింది తీసుకుని అమ్ము. పొందూరు టవళ్లు పది తీసుకో, ఉద్దానం పనస చిప్స్ తీసుకో, మా పప్పే తీసుకో, డబ్బు కట్టి తీసుకో సుమా. ఒక నెల రోజులు తెలియనివాళ్లకు అమ్ము. చుట్టాలకు అమ్మితే లెక్కలోకి రాదు, వాళ్లు నీ మొహం చూసి కొంటారు. తెలియనివాడు వద్దన్నప్పుడు ఎందుకు వద్దన్నాడో అడుగు. రుచా, ధరా, ప్యాకెటా? అది రాసుకో. మిషన్ కొనడం నెల తర్వాత ఆలోచిద్దువు గానీ. చాలామంది మిషన్ ముందు కొంటారు. మిషన్ అడగదు కదా ఎవర్నీ, దాని పక్కన హాయిగా ఉంటుంది.

(పచ్చళ్లు, మామిడి తాండ్ర చేసే ఒక డ్వాక్రా సభ్యురాలు, ఇరుగుపొరుగు రుచి పేరుతో ఊరికే తీసుకెళ్తున్నారని చెప్పారు.)

నీ చెయ్యి మంచిదన్నమాట, సంతోషించు ముందు. రుచి చూపించు అక్కా, కానీ చెంచాతో చూపించు, గిన్నెతో వద్దు. చిన్న ప్యాకెట్లు కట్టు, మీద ధర అంటించు. ధర అంటించిన ప్యాకెట్ ఊరికే అడగడానికి అవతలివాళ్లకు మొహమాటం వేస్తుంది. వాళ్లనూ పడనీ కాసేపు! విజయనగరం జిల్లాలో భీమాళి అనే ఊరు చూడు, తాండ్ర అంటే ఆ ఊరి పేరు చెప్తారు. ఊరు ఊరంతా అదే పని. వాళ్లు ఒకరికొకరు రుచి చూపించుకుంటూ కూర్చుంటే బయటికి పేరొచ్చేదా? ఫుడ్ లైసెన్సు కూడా తీసుకో. చిన్న వాళ్లకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఫీజు కొద్దిదే. ఆ నంబరు ప్యాకెట్ మీద ఉంటే ఊళ్లో కాకుండా టౌన్‌లో షాపువాడు తీసుకుంటాడు.

(కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి ఊళ్లో డెయిరీ పెడతానంటున్నాడని, రమ్మనాలా వద్దా అని ఒక తల్లి అడిగారు.)

రమ్మనూ అనను, వద్దూ అనను. వాడినే కూర్చోబెట్టి అడుగమ్మా. పాలు ఎవరికి పోస్తావు, పేరు చెప్పు అను. ఊరందరికీ అన్నాడంటే ఇంకా కనుక్కోలేదని. గేదె వట్టిపోయిన నెలల్లో ఇల్లెలా గడుస్తుంది అని అడుగు. జీతం వస్తుండగానే ఒక ఏడాది తిండిఖర్చు పక్కన పెట్టి రమ్మను. ఆఖరుగా ఒకటడుగు. మీ తమ్ముడు, అంటే వాడి మేనమామ, రెండు నెలలు పాల డబ్బు ఇవ్వకపోతే అడుగుతావా అని. వెంటనే అడుగుతానన్నాడనుకో, ఎలా అడుగుతాడో నీ ముందే ఒకసారి చెప్పించు. నవ్వొస్తుంది, కానీ చెప్పించు. నోరు పెగిలితే రమ్మను. పెగలకపోతే ఇంకో ఆరు నెలలు అక్కడే ఉండి, సెలవులకు వచ్చినప్పుడు ఎవరి దగ్గరన్నా పాల లెక్క రాయమను.

టైమైందని మాస్టారు చూపిస్తున్నారు. యూనిట్ చూడాలనుకునేవాళ్లు రండి, ముందు రోజు ఫోన్ చేసి రండి. ఏప్రిల్, మే నెలల్లో వస్తే పిక్కల కొనుగోలు కూడా చూడొచ్చు, బేరాలు అక్కడే నేర్చుకోవచ్చు. పొద్దున్నపూట రండి, మధ్యాహ్నం బోర్మా దగ్గర నిలబడలేరు. ఒలిచే అమ్మలతో మాట్లాడండి, ఫొటోలు మాత్రం వాళ్లను అడిగి తీసుకోండి. పప్పు రుచి చూపిస్తాను, తలా రెండు గింజలు. మూడోది కావాలంటే బిల్లు రాయిస్తాను.